ఇంటికి రెండో ఫోను లైను: గోడ పగలకుండా, జేబుకు చిల్లు పడకుండా

ఉన్న లైనుకు తోడు రెండోది ఎలా పెట్టుకోవాలని అడిగేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. ఒకరికి చెప్పిందే ఇంకొకరికి చెప్పే బదులు, హైదరాబాద్ మల్కాజిగిరిలోని మా ఇంట్లో నేను చేసిన పనిని, చేసి చెడగొట్టుకున్న పనిని కూడా వరుసగా రాస్తున్నాను. మాది కింద ఒక వాటా, పైన ఒక వాటా ఉన్న పాత ఇల్లు. కింద మా అత్తగారు, పైన మేము. మా ఆవిడ పైన వంటింట్లో నుంచే పచ్చళ్ల ఆర్డర్లు తీసుకుంటుంది. నెట్, ల్యాండ్‌లైన్ రెండూ వచ్చే ఫైబర్ పెట్టె మాత్రం కింది హాల్లో ఉంది. చిక్కంతా అక్కడే మొదలైంది.

1. ముందు తేల్చుకోండి: రెండో ఫోనా, రెండో నంబరా, రెండో లైనా?

ఈ మూడూ వేర్వేరు. దుకాణాల్లో మూడింటినీ కలిపి మాట్లాడతారు. మన డబ్బు పోయేది ఆ కలగాపులగంలోనే.

రెండో ఫోను అంటే ఒకే లైను మీద రెండు చోట్ల ఫోన్లు. ల్యాండ్‌లైన్ల కాలంలో పారలల్ అనేవాళ్లం కదా, అదే. కింద మాట్లాడుతుంటే పైన ఎత్తినవారికీ ఆ మాటలే వినిపిస్తాయి. నెలవారీ ఖర్చు ఏమీ ఉండదు.

రెండో నంబరు అంటే చేతిలో ఉన్న మొబైల్‌లోనే ఇంకో సిమ్ లేదా ఈ-సిమ్ (కార్డు వేయకుండా ఫోనులోనే ఉండే సిమ్). మాట్లాడే మనిషి ఒక్కరే, కానీ ఇంటి ఫోన్లు, పని ఫోన్లు విడిపోతాయి.

రెండో లైను అంటే ఇద్దరు ఒకే సమయంలో, వేర్వేరు నంబర్ల మీద, ఒకరి గొడవ ఒకరికి లేకుండా మాట్లాడుకోవడం. ఖర్చయ్యేది దీనికే.

మీకేది కావాలో తెలియాలంటే వారం రోజులు ఫోను పక్కన ఒక కాగితం పెట్టండి. "మీ ఫోను ఎప్పుడూ బిజీయే" అని ఎవరైనా అన్న ప్రతిసారీ ఒక గీత గీయండి. వారానికి రెండు మూడు గీతలే అయితే కాల్ వెయిటింగ్ ఆన్ చేసుకుంటే సరిపోతుంది. లేదా మొబైల్ సెట్టింగుల్లో కాల్ ఫార్వర్డింగ్‌కు వెళ్లి, బిజీగా ఉన్నప్పుడు ఇంట్లో ఇంకొకరి నంబరుకు వెళ్లేలా పెట్టండి. ఎవరో ఫోను చేసి ఫలానా కోడ్ నొక్కండి అంటే మాత్రం నొక్కకండి. మన కాల్స్ తమ నంబరుకు మళ్లించుకోవడానికి మోసగాళ్లు వేసే ఎత్తు అది.

మా ఇంట్లో ఆ వారం పందొమ్మిది గీతలు పడ్డాయి. అందులో పదకొండు సాయంత్రం అయిదు, ఆరు గంటల మధ్యవి. అత్తగారు, విజయవాడలో ఉన్న ఆమె చెల్లెలు మాట్లాడుకునే సమయం అది. దాన్ని మార్చే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి రెండో లైనుకే ఓటు వేశాం.

2. ఉన్న దారులు, ఒక్కోదాని ఖర్చు

ఏ దారి అయినా నెల లెక్క చూడకండి, ఏడాది లెక్క వేయండి. పరికరం ధర, ఏడాది అద్దె, దాని మీద 18 శాతం జీఎస్టీ, తీగల ఖర్చు అన్నీ కలపండి. రెండో నంబరుకు నెలకు 100 రూపాయలు అదనం అన్నారనుకోండి. పన్నుతో 118, ఏడాదికి 1,416. వంద అని విన్నప్పుడు చిన్నగానే ఉంటుంది.

మొదటి దారి, ఉన్న ఫైబర్ పెట్టె. దాని వెనక ఫోను తీగ పట్టే చిన్న సాకెట్లు ఎన్ని ఉన్నాయో చూడండి. కొన్నింటికి ఒకటే ఉంటుంది, కొన్నింటికి రెండు. రెండు ఉన్నంత మాత్రాన రెండు లైన్లు ఉన్నట్టు కాదు. రెండో సాకెట్‌కు కంపెనీ నంబరు కేటాయించి, తమ వైపు నుంచి తెరవాలి. కేటాయిస్తారా, అదనంగా ఎంత అని ముందే అడగండి. జవాబు మెసేజ్‌గానో మెయిల్‌గానో తీసుకోండి. నోటిమాట బిల్లులో కనిపించదు.

రెండో దారి, సిమ్ వేసుకునే డెస్క్ ఫోను. చూడటానికి ల్యాండ్‌లైన్ ఫోనులాగే ఉంటుంది, లోపల సిమ్ ఉంటుంది. కరెంటు సాకెట్ ఉంటే చాలు, తీగ లాగే పని లేదు. రీచార్జి విషయంలో ఒక మంచి మార్పు వచ్చింది. డేటా లేకుండా కాల్స్, మెసేజ్‌లకే ప్యాకులు ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. వాటి గడువు 365 రోజుల దాకా ఉండవచ్చు. 2025 మొదట్లో పెద్ద కంపెనీలు తెచ్చిన ఏడాది, దాదాపు ఏడాది గడువు ప్యాకులు సుమారు 1,750 నుంచి 1,850 రూపాయల మధ్య ఉన్నాయి. కొనేనాటి ధర మళ్లీ చూసుకోండి. యాప్ తెరవగానే ఇవి కనిపించవు, ప్యాకుల జాబితాలో అడుగుకు వెళ్లి వెతకాలి.

మూడో దారి, సొరుగులో పడి ఉన్న పాత మొబైల్. దానిలో కొత్త సిమ్ వేసి గోడకు ఒక స్టాండ్ పెడితే పరికరం ఖర్చు ఉండదు. అయితే రాత్రింబవళ్లు చార్జింగ్‌లోనే ఉంచితే బ్యాటరీ ఉబ్బవచ్చు. వెనక మూత కొంచెం పైకి లేచినట్టు కనిపిస్తే ఆ రోజే వాడకం ఆపేయండి.

నాలుగోది, ఇంకో కంపెనీ ఫైబర్ కనెక్షన్ మొత్తంగా తీసుకోవడం. ఇంటి నుంచి ఉద్యోగం చేస్తూ, నెట్ కూడా రెండోది కావలసినవారికి తప్ప ఇది దండగ.

నేను మొదట మొదటి దారిలోనే వెళ్లాను. పది నెలలు బాగానే నడిచింది. 2025 ఆగస్టులో నగరంలో విద్యుత్ స్తంభాల మీది నెట్ కేబుళ్లను విద్యుత్ సంస్థ కోసేసిన రోజుల్లో మా వీధి కేబుల్ కూడా తెగింది. రెండు లైన్లూ ఒకేసారి మూగబోయాయి. ఒకే తీగ మీద వచ్చేవి ఒకేసారి పోతాయని ఆ రోజు గానీ నా బుర్రకు ఎక్కలేదు. అందుకే అడిగినవారందరికీ ఇప్పుడు ఒకటే చెబుతున్నాను: మొదటి లైను ఫైబర్ మీద ఉంటే రెండోది సిమ్ మీద పెట్టండి. మొదటిది మొబైలే అయితే ఫైబర్ వైపు చూడండి.

3. నంబరు ఎలాంటిది తీసుకోవాలి

మొబైల్ నంబరును కంపెనీ మారినా వెంట తీసుకువెళ్లవచ్చు. దేశమంతటా ఆ వీలు 2011 నుంచి ఉంది. ల్యాండ్‌లైన్ నంబరుకు ఆ వీలు లేదు. కంపెనీ మారితే 040 తర్వాతి ఎనిమిది అంకెలూ పోతాయి.

కాబట్టి డబ్బాల మీద, కార్డుల మీద అచ్చు వేయించే నంబరు మొబైల్ సిరీస్‌లోదే అయి ఉండాలి. మా ఆవిడ పాత 040 నంబరుతో మూడు వందల లేబుళ్లు వేయించింది. వాటి వెనక వైపు ఇప్పుడు పాల లెక్కలు రాసుకుంటున్నాం.

4. కొనే ముందు చూసుకోవలసినవి

☐ ఫోను పెట్టే చోటే సిగ్నల్ చూడండి. వీధిలో నాలుగు గీతలు ఉన్నా, రెండు గోడల అవతల వంటింట్లో ఒకటే ఉండవచ్చు. బంధువుల దగ్గర ఉన్న వేర్వేరు కంపెనీల ఫోన్లు అక్కడ పెట్టి, ఒక్కోదాని నుంచి అయిదు నిమిషాలు మాట్లాడి చూడండి.

☐ డెస్క్ ఫోను 4జీ కాల్స్‌కు పనికొస్తుందో లేదో పెట్టె మీద చదవండి. చవకగా దొరికే పాత మోడళ్లు 2జీవి. జియోకు 2జీ లేదు కాబట్టి వాటిలో ఆ సిమ్ పనిచేయదు.

☐ పాతది కొంటుంటే దాని ఐఎంఈఐ నంబరును (ఒక్కో ఫోనుకు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) కేంద్ర టెలికాం శాఖ సైటు సంచార్ సాథీలో సరిచూడండి. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో బేరం కుదిరాక కాదు, కుదరక ముందే.

☐ మీ పేరు మీద ఇప్పటికే ఎన్ని సిమ్‌లు ఉన్నాయో అదే సంచార్ సాథీలో తెలుస్తుంది. మన రాష్ట్రంలో ఒకరికి తొమ్మిది వరకు అనుమతి. మీకు తెలియని నంబరు కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయండి.

☐ సిమ్ ఎవరు వాడతారో వారి ఆధార్ మీదే తీసుకోండి. పక్కింటివారి పేరు మీద ఉచితంగా వచ్చిందని తెచ్చుకోకండి.

☐ అపార్ట్‌మెంట్ అయితే, డక్ట్‌లో (అంతస్తుల మధ్య తీగలు, పైపులు వెళ్లే సందులో) కొత్త తీగ వేసే ముందు సంఘం అనుమతి తీసుకోండి.

5. పాత తీగలు పనికొస్తాయా?

సిమ్ దారిలో వెళ్లేవారు ఈ భాగం వదిలేసి ఏడోదానికి వెళ్లవచ్చు. పెట్టె కింద, మనిషి పైన ఉన్నవారు మాత్రం నిదానంగా చదవండి. పనిలో సగం ఇక్కడే ఉంది.

పాత ఇళ్లలో గోడ మీద చతురస్రంగా ఒక తెల్ల పెట్టె ఉంటుంది. లైన్‌మన్లు దాన్ని రోజెట్ అంటారు. మాది విప్పితే లోపల రెండు బల్లి గుడ్డు పెంకులు, నల్లటి దుమ్ము, పచ్చగా చిలుము పట్టిన రాగి తీగ కనిపించాయి. చిలుము పట్టిన కొసను అంగుళం మేర కత్తిరించి చూస్తే లోపల రాగి మెరుస్తూనే ఉంది. అలా మెరిస్తే తీగ వాడుకోవచ్చు. లోపల కూడా నల్లబడి, వంచితే పుటుక్కున విరిగితే వదిలేయండి.

ఇక వరుస ఇది.

1) ముందు వీధి నుంచి వచ్చే పాత రాగి లైనును ఇంటి తీగల నుంచి పూర్తిగా విడదీయండి. వాడకంలో లేదులే అని వదలకండి. దానిలో ఎక్స్ఛేంజి కరెంటు మిగిలి ఉండి, మీరు ఫైబర్ పెట్టెను కూడా అదే తీగకు కలిపితే, పెట్టెలోని ఫోను సాకెట్ దెబ్బతింటుంది.

2) ఫైబర్ పెట్టె నుంచి ఫోను తీగ పీకేసి ఉంచండి. ఫోను లైనులో మామూలుగా 48 వోల్టుల వరకు ఉంటుంది. గంట మోగేటప్పుడు 70 కూడా దాటవచ్చు. ప్రాణం తీసేది కాదు గానీ, నిచ్చెన మీద ఉన్నప్పుడు ఉలిక్కిపడేలా చేస్తుంది. ఆ అనుభవం నాకు అత్తగారి చెల్లెలి పుణ్యమా అని కలిగింది.

3) ఏ తీగ ఎక్కడికి పోతుందో కనుక్కోవాలి. పైన రెండు కొసలను మెలిపెట్టి కలపండి. కింద మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో (తీగ తెగకుండా కలిసి ఉంటే బీప్ మోగే సెట్టింగు) పెట్టి రెండేసి తీగలకు తాకించండి. ఏ జంటకు బీప్ మోగుతుందో పైన కలిపింది అదే. వెంటనే దానికి టేపు చుట్టి పేరు రాయండి. గుర్తుంటుందని అనుకోకండి, ఉండదు.

4) పైన మెలి విప్పేసి మళ్లీ తాకించండి. ఇప్పుడు బీప్ రాకూడదు. వస్తే గోడ లోపల ఎక్కడో రెండు తీగలూ ఒకదానికొకటి తగులుతున్నాయి. ఆ జంట పనికిరాదు.

6. కొత్త తీగ లాగడం

పాతది పనికిరాకపోతే క్యాట్-5ఈ నెట్ కేబుల్ కొనండి. లోపల నాలుగు జంటలు ఉంటాయి, ఒక్కో లైనుకు ఒక జంట చాలు. కోఠి గుజరాతీ గల్లీలో మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. కొలిచిన పొడవుకు మూడు మీటర్లు కలిపి కొనండి. మూలలు, మలుపులు, మన కొలత తప్పులు ఆ మూడు మీటర్లనూ తినేస్తాయి. రాగి తీగే కావాలని గట్టిగా అడగండి. పైన రాగి పూత వేసిన అల్యూమినియం చవకగానే దొరుకుతుంది గానీ, స్క్రూ కింద బిగించగానే తెగుతుంది.

ఫోను తీగను కరెంటు తీగల పైపులోకి ఎక్కించకండి. గుయ్‌మనే మోత వస్తుంది, ప్రమాదం కూడా. వేరే పైపు లేకపోతే గోడ మీదే చిన్న ప్లాస్టిక్ కేసింగ్ వేయండి. ద్వారబంధం పక్క నుంచి తీసుకువెళ్తే పెద్దగా కనిపించదు.

బయటి గోడ మీదుగా వెళ్తే, రంధ్రంలోకి దూరే ముందు తీగను ఒక అడుగు కిందికి వేలాడదీసి మళ్లీ పైకి తీసుకురండి. వాన నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది, లోపలికి రాదు. రంధ్రం కూడా బయటి వైపుకు కొంచెం వాలుగా ఉండాలి.

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. కేబుల్‌లో నీలం తీగ, దానితో మెలితిరిగి ఉన్న నీలం-తెలుపు తీగ ఒక జంట. నారింజ, నారింజ-తెలుపు ఇంకో జంట. నేను రంగుల అందం చూసి నీలం, నారింజ ఒక లైనుకు, మిగిలిన రెండు తెల్ల చారల తీగలు ఇంకో లైనుకు కలిపాను. రెండు ఫోన్లూ మోగాయి, అంతా బాగుందని నిచ్చెన దించేశాను. సాయంత్రం అయిదు గంటలకు ఆర్డర్ ఇస్తున్న ఒకావిడ, "మీ ఇంట్లో ఎవరికో మోకాళ్ల నొప్పులా అమ్మా?" అని అడిగింది. కింది లైను మాటలు పై లైనులో సన్నగా వినిపిస్తున్నాయి.

ఆ మెలికే ఒక లైను చప్పుడును ఇంకోదానిలోకి దూకకుండా ఆపుతుంది. అందుకే మెలి ఉన్న రెండు తీగలనే ఒక లైనుకు వాడాలి:

☐ మొదటి లైను: నీలం, నీలం-తెలుపు
☐ రెండో లైను: నారింజ, నారింజ-తెలుపు
☐ మిగిలిన రెండు జంటలు: కత్తిరించకుండా చుట్టి లోపలే ఉంచండి, ముందుముందు పనికొస్తాయి
☐ స్క్రూ దగ్గర మెలి విప్పేది అంగుళానికి మించకూడదు
☐ సాకెట్‌లో మధ్య రెండు పిన్నులకే తీగలు రావాలి. ఒక్కో లైనుకు విడిగా ఒక సాకెట్ పెట్టండి

7. సిమ్ డెస్క్ ఫోను అమర్చడం

ఇది పావుగంట పని. ముందు సిమ్‌ను మొబైల్‌లో వేసి కాల్స్ వస్తున్నాయని చూడండి, పిన్ లాక్ ఉంటే తీసేయండి. తర్వాత డెస్క్ ఫోను ఆపి ఉండగా దానిలోకి మార్చండి. యాంటెన్నా ఉంటే నిటారుగా నిలబెట్టండి. ఫ్రిజ్ పక్కన, ఇనుప బీరువా మీద పెట్టకండి. కిటికీ దగ్గరకు రెండడుగులు జరిపితే తేడా మీకే వినిపిస్తుంది.

బ్యాంకు, గ్యాసు, ఆధార్ ఓటీపీలకు ఈ నంబరు ఇవ్వకండి. డెస్క్ ఫోనులో మెసేజ్ వెతికి చదవడం ఒక శిక్ష.

8. కరెంటు పోయినప్పుడు

పాత రాగి లైనుకు ఎక్స్ఛేంజి నుంచే కరెంటు వచ్చేది కాబట్టి, ఇల్లంతా చీకటైనా ఫోను పలికేది. ఫైబర్ పెట్టెకు ఇంటి కరెంటే ఆధారం. మే నెల గాలివానకు చెట్టు కొమ్మ తీగల మీద పడితే లైను కూడా పోతుంది.

ఇన్వర్టర్ ఉంటే పెట్టెను ఆ సాకెట్‌కు మార్చండి. లేకపోతే రౌటర్లకు వాడే చిన్న యూపీఎస్ తీసుకోండి. కొనేటప్పుడు పెట్టె అడాప్టర్ మీద రాసి ఉన్నది చూడండి. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, చాలా పెట్టెలు 12 వోల్టులవే. ఆంపియర్లు అంతే ఉన్నా, ఎక్కువ ఉన్నా పరవాలేదు, తక్కువ ఉండకూడదు. డెస్క్ ఫోనుకు సొంత బ్యాటరీ ఉంటే ఈ బెడద లేదు.

9. పరీక్ష

☐ మొబైల్ నుంచి ల్యాండ్‌లైన్‌కు: 040 కలిపి చేయండి.
☐ ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు: ముందు సున్నా. 2021 జనవరి 15 నుంచి ఇది తప్పనిసరి. "కొత్త లైను నుంచి కాల్ పోవడం లేదు" అనేవారిలో చాలామంది మరిచిపోయేది ఈ సున్నానే.
☐ రెండు లైన్ల మీదా ఒకేసారి ఇద్దరు మాట్లాడండి. ఒకరు మౌనంగా ఉండి, రెండోవారి మాటలు తమ ఫోనులో వినిపిస్తున్నాయేమో చెవి పెట్టాలి.
☐ మాట్లాడుతూ ఉండగా మెయిన్ స్విచ్ ఆపి, కాల్ తెగుతుందేమో చూడండి.
☐ అలా ఆపి ఉంచే, పావుగంట తర్వాత మళ్లీ కాల్ చేయండి.

10. తరచూ వచ్చే తేడాలు

గంట సన్నగా మూలుగుతోంది: ఒకే సాకెట్ మీద పారలల్ ఫోన్లు ఎక్కువయ్యాయి. ఒక్కోటి పీకుతూ చూడండి.

డయల్ టోన్ అసలు లేదు: ఫోనును తీసుకువెళ్లి నేరుగా పెట్టె సాకెట్‌కే కలపండి. అక్కడ టోన్ ఉంటే తప్పు మీ తీగలది. అక్కడా లేకపోతే కంపెనీకి చెప్పండి. పెట్టె మీద ఎర్ర దీపం వెలిగితే బయటి ఫైబర్ తెగి ఉండవచ్చు, ఇంట్లో ఏమీ విప్పకండి.

వాన పడినప్పుడే గరగర: బయటి అతుకులోకి నీరు వెళుతోంది. టేపు మీద టేపు చుట్టకండి. అతుకు కోసేసి, ఎండిన తర్వాత కొత్తగా కలిపి, మూత ఉన్న చిన్న పెట్టెలో ఉంచండి.

సిమ్ లైను ఉన్నట్టుండి పలకడం లేదు: పదింట తొమ్మిదిసార్లు రీచార్జి గడువు తీరిపోయి ఉంటుంది. డెస్క్ ఫోనుకు వచ్చే గుర్తు మెసేజ్‌లు ఎవరూ చదవరు. గడువు తేదీకి వారం ముందు మీ మొబైల్‌లో గుర్తు పెట్టుకోండి. మా ఇంట్లో అయితే వంటింటి క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ ఎర్ర సున్నా చుట్టాం.

11. పాత లైను వద్దనుకుంటే

సిమ్ లైనుకు మారాక ఫైబర్ పెట్టెలోని రెండో నంబరును నేను వెంటనే తీసేయించలేదు. నెల రోజులు రెండూ ఉంచి, పాత నంబరుకు ఫోను చేసినవారందరికీ కొత్తది చెప్పాం. తర్వాతే రాతపూర్వకంగా రద్దు కోరాలి, ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. ఆ తర్వాతి బిల్లులో ఆ పద్దు పోయిందో లేదో చూడాలి. మాకు రెండు నెలలు పోలేదు, మూడో నెల రద్దు కోరిన మెసేజ్ చూపించాక ఆ డబ్బు వాపసు ఇచ్చారు.